ముఖం మీద మచ్చ, కీళ్లలో నొప్పి: రెండూ ఒకే కథ ఎప్పుడవుతాయి?

ఒడిశాలోని బరంపురంలో ఠాకురాణి యాత్ర రెండేళ్లకోసారి, ఎండలు ముదిరే రోజుల్లో వస్తుంది. పగలంతా ఎండ, రాత్రి జాగారం. యాత్ర అయిన వారానికి ఒకావిడకి రెండు బుగ్గలూ కమిలినట్టు అయ్యాయనుకుందాం. వయసు ముప్పై. అత్తగారు చూసి మంగు అన్నారు. ఎదురింటి ఒడియా ఆవిడ 'జాదు' అంది, అంటే తామర. మందుల షాపు అబ్బాయి అలర్జీ అని ఒక ట్యూబు చేతిలో పెట్టాడు. పెద్దామె ఒకరు అమ్మవారికి మొక్కుకోమన్నారు. ఒక్క మచ్చకి నాలుగు పేర్లు వచ్చాయి. కానీ పొద్దున లేచేసరికి వేళ్లు బిగుసుకుపోయి కుచ్చిళ్లు పెట్టుకోలేకపోతున్నానని ఆవిడ ఎవరికీ చెప్పలేదు. ముఖానికీ వేళ్లకీ సంబంధం ఉంటుందని తోస్తే కదా చెప్పడానికి.

ఆ సంబంధం గురించి ఈమధ్య జనంలో మాట మొదలైంది. 2022 అక్టోబరులో నటి సమంత తనకు మయోసైటిస్, అంటే కండరాల వాపు జబ్బు ఉందని చెప్పినప్పుడు తెలుగువాళ్లలో చాలామంది ఆ పేరు మొదటిసారి విన్నారు. 2024 ఫిబ్రవరిలో బాలనటిగా పేరు తెచ్చుకున్న సుహానీ భట్నాగర్ 19 ఏళ్లకే, కండరాలతోపాటు చర్మాన్నీ పట్టే డెర్మటోమయోసైటిస్‌తో చనిపోయింది. అప్పటి నుంచి కొత్త మచ్చ కనిపిస్తే చాలు, ఫోన్లో వెతకడం, ల్యాబుకి వెళ్లి 'ఏఎన్ఏ' అనే రక్తపరీక్ష రాయించుకోవడం, పాజిటివ్ అని వస్తే రాత్రంతా టెన్షన్. తెలియకపోవడం ఒక బాధ అయితే, సగం తెలియడం ఇంకో బాధ.

కంచే చేను మేస్తే

ఒంట్లోని రక్షణ వ్యవస్థ బయటి సూక్ష్మజీవుల మీదికి వెళ్లాలి. అది దారి తప్పి సొంత కణాల మీదికే వెళితే దాన్ని ఆటోఇమ్యూన్ జబ్బు అంటారు. కంచే చేను మేసినట్టు. అలాంటి జబ్బుల్లో కీళ్లు, కండరాలు, రక్తనాళాలు, వాటిని పట్టి ఉంచే కణజాలం దెబ్బతినే రకాలను రుమాటిక్ జబ్బులు అంటారు. మనం వాతం అంటాం, ఒడియావాళ్లు 'బాత' అంటారు. రెండు మాటలూ మోకాళ్ల దగ్గరే ఆగిపోతాయి. లూపస్, డెర్మటోమయోసైటిస్, స్క్లెరోడెర్మా, సొరియాసిస్‌తో వచ్చే కీళ్లవాతం, రుమటాయిడ్ ఆర్థరైటిస్, రక్తనాళాల వాపు జబ్బులు అన్నీ ఈ కుటుంబంలోవే. ఊపిరితిత్తులు, కిడ్నీలు కూడా వీటి దారిలోకి వస్తాయి.

మరి చర్మం ఎందుకు? సన్నటి రక్తనాళాలూ రక్షణ కణాలూ చర్మంలో దట్టంగా ఉంటాయి. పైగా రోజూ ఎండ తినేది అదే. ఇంకో కారణం మామూలుదే: కిడ్నీ వాచినా మన కంటికి కనపడదు, బుగ్గ కమిలితే కనపడుతుంది.

అయితే చర్మాన్ని లోపలి జబ్బుకి అద్దం అనేయడం పొరపాటు. ముఖమంతా మచ్చలున్నా లోపల అంతా సవ్యంగా ఉన్నవాళ్లు ఉంటారు. మచ్చ పెద్దగా లేకుండానే కిడ్నీ పాడైపోతున్నవాళ్లూ ఉంటారు.

ఎండలో ఏం జరుగుతుంది

ఎండలోని అతినీలలోహిత కిరణాలు పైచర్మంలో కొన్ని కణాలను చంపుతాయి. ఇది అందరికీ జరిగేదే, ఒళ్లు ఆ చెత్తను ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. లూపస్ ఉన్నవాళ్లలో ఊడ్చే పని మందగిస్తుంది. కణం మధ్యలో, న్యూక్లియస్‌లో దాగి ఉండాల్సిన పదార్థం బయటపడి రక్షణ వ్యవస్థ కంట్లో పడుతుంది. దాన్ని శత్రువనుకుని యాంటీబాడీలు తయారవుతాయి. వాటి వెంట ఇంటర్‌ఫెరాన్ అనే రసాయనం పెరిగి వాపు పుడుతుంది, వాపు మరిన్ని కణాలను చంపుతుంది. ఇదొక చక్రం. అందుకే యాత్రలో ఎండకి తిరిగిన రోజున ఏమీ లేకపోయినా, కొన్ని రోజులు ఆగాక మచ్చ తేలుతుంది. ఎండకీ మచ్చకీ ముడి పెట్టడం ఇంట్లోవాళ్లకి కుదరకపోవడానికి ఆ ఆలస్యమే కారణం.

ఇంకో మెలిక. ఆ కిరణాల్లో యూవీబీ అనే రకాన్ని కిటికీ అద్దం ఆపుతుంది. యూవీఏ మాత్రం అద్దంలోంచి చాలావరకు వచ్చేస్తుంది. బస్సు కిటికీ పక్కన కూర్చుని విశాఖ దాకా వెళ్లడం కూడా ఎండలో ఉండటం కిందికే వస్తుంది.

లూపస్ వేసే మూడు వేషాలు

లూపస్ అంటే లాటిన్‌లో తోడేలు. చాలాకాలం దాన్ని ఒట్టి చర్మరోగంగానే చూశారు. వియన్నా డాక్టర్ హెబ్రా 1846లో ముఖం మీది మచ్చను సీతాకోకచిలుకతో పోల్చాడు. ఆయన అల్లుడు కపోసి 1872లో, ఇది చర్మంతో ఆగని జబ్బు, కీళ్లనీ లోపలి అవయవాలనీ పట్టే రకం కూడా ఉందని చెప్పాడు. రక్తంలో, ఎముక మూలుగలో దాని ఆనవాలు పట్టే ఎల్‌ఈ కణాన్ని 1948లో హార్‌గ్రేవ్స్ బృందం బయటపెట్టింది. మచ్చకీ లోపలి జబ్బుకీ ముడి వేయడానికి వైద్యానికే వందేళ్లు పట్టింది. మన అత్తగార్లను తప్పుపట్టి ఏం లాభం.

మొదటి వేషం ఆ సీతాకోకచిలుక. రెండు బుగ్గలూ, మధ్యలో ముక్కు దూలం. ఇక్కడ చూడాల్సింది మచ్చ ఎక్కడ ఉందన్నదే కాదు, ఎక్కడ లేదన్నది కూడా. ముక్కు పక్క నుంచి నోటి చివరకు దిగే మడత ఉంటుంది కదా, లూపస్ సాధారణంగా ఆ మడతను వదిలేస్తుంది. చుండ్రు జాతి చర్మవ్యాధి సరిగ్గా ఆ మడతలోనే కూర్చుంటుంది. మంగు సంగతి వేరు. అది చదునుగా, దురదా మంటా లేకుండా, నెలల తరబడి అలాగే ఉంటుంది. పై పెదవి మీదికీ నుదుటి మీదికీ పాకుతుంది. లూపస్ మచ్చ కొంచెం ఉబ్బినట్టు ఉండవచ్చు, రోజుల్లో వచ్చి వారాల్లో తగ్గి మళ్లీ ఎండతో రావచ్చు. చిక్కేమిటంటే ఎండకి మంగు కూడా ముదురుతుంది. కాబట్టి 'ఎండలో ఎక్కువవుతోంది' అన్న ఒక్క మాట రెండింటినీ విడదీయదు.

రెండో వేషం భుజాలు, చేతులు, వీపు పైభాగం మీద ఉంగరాల్లా వచ్చే మచ్చలు. తామర అనుకోవడానికి ఇంతకన్నా వీలైన రూపం లేదు. తామర మందు నెలలు వాడినా తగ్గలేదంటే ఈ అనుమానం రావాలి. మరీ విడ్డూరం, తామరకి వాడే టెర్బినాఫిన్ మాత్ర కొందరిలో ఇదే రకం మచ్చలను తెప్పిస్తుంది. బీపీకి ఇచ్చే హైడ్రోక్లోరోథయాజైడ్‌కీ ఆ పేరుంది. ఈ రకంలో ఎక్కువగా కనిపించే యాంటీబాడీ పేరు 'రో'. గర్భిణికి అది ఉంటే మాయ ద్వారా బిడ్డకి చేరుతుంది. నూటికి ఇద్దరు బిడ్డల్లో గుండె కొట్టుకునే లయ దెబ్బతింటుంది, ఆ నష్టం శాశ్వతం. కొందరు బిడ్డలకి కళ్ల చుట్టూ మచ్చలు వస్తాయి. తల్లి యాంటీబాడీలు బిడ్డ ఒంట్లోంచి పోయాక, ఆరు నుంచి ఎనిమిది నెలల్లో, ఆ మచ్చలు వాటంతటవే పోతాయి. తల్లికి తనలో ఈ యాంటీబాడీ ఉందని బిడ్డ మచ్చ చూశాకే తెలిసిన సందర్భాలూ ఉంటాయి.

మూడోది డిస్కాయిడ్. బిళ్లల్లాంటి మచ్చలు, మధ్యలో తెల్లబడి పల్చబడి, అంచు నల్లగా. చెవి గిన్నెలో, తల మీద, ముక్కు మీద ఎక్కువ. తల మీద వస్తే ఆ చోట జుట్టు మళ్లీ మొలవదు, మచ్చ కట్టేస్తుంది. చాలామందిలో ఇది చర్మం దగ్గరే ఆగిపోతుంది. కొద్దిమందిలో లోపలికి పాకుతుంది. మెడ కింద కూడా మచ్చలున్నవాళ్లలో ఆ అవకాశం ఎక్కువ.

మన రంగు మీద ఎరుపు

ఫోన్లో లూపస్ అని కొడితే వచ్చే బొమ్మలన్నీ తెల్లవాళ్ల ముఖాలు, గులాబీ రంగు బుగ్గలు. చామనఛాయ మీద ఆ ఎరుపు ఎరుపులా కనపడదు. ముదురు గోధుమ రంగులో, వంగపండు రంగులో, ఒక్కోసారి ఒట్టి నలుపులా ఉంటుంది. బొమ్మతో పోల్చుకుని 'నాది కాదులే' అని ఊరుకున్నవాళ్లు ఎంతమందో.

ఇందులోనే ఇంకో సంగతి ఉంది. మన చర్మంలో వాపు తగ్గాక కూడా నలుపు నెలల తరబడి మిగులుతుంది. మచ్చ ఉన్నంత మాత్రాన జబ్బు ఇంకా రగులుతోందని కాదు. డాక్టర్లు చర్మ లూపస్‌ను కొలిచే 'క్లాసీ' అనే పద్ధతిలో రెండు లెక్కలు వేరువేరుగా ఉంటాయి. ఎరుపు, పొలుసు లాంటివి ప్రస్తుతం రగులుతున్నదాని కింద, రంగు మారడం, మచ్చ కట్టడం జరిగిపోయిన నష్టం కింద వేస్తారు. మొదటి లెక్క సున్నాకి వచ్చినా రెండోది అలాగే ఉండొచ్చు. మందు పనిచేయలేదని రోగి మానేసేది, పనిచేసిందని డాక్టర్ సంతోషించేది ఇలాంటి చోటే.

వంగపువ్వు రంగు కనురెప్పలు

డెర్మటోమయోసైటిస్‌లో పై కనురెప్పలు వంగపువ్వు రంగుకి తిరుగుతాయి, ఉబ్బుతాయి. చేతులు చూస్తే వేలి కణుపుల మీద పొక్కుల్లాంటి మచ్చలు. లూపస్‌లో చేతి వేళ్ల మీద మచ్చలు కణుపుకీ కణుపుకీ మధ్య వస్తే, ఇందులో సరిగ్గా కణుపుల మీదే వస్తాయి. అర అంగుళం తేడాతో జబ్బు పేరు మారిపోతుంది. మెడ కింద జాకెట్టు కోసిన చోట, భుజాల మీద పైట కప్పే మేర, తొడల పక్కన కూడా మచ్చలు రావచ్చు. బుగ్గల మీద వచ్చినప్పుడు లూపస్ వదిలేసే ఆ ముక్కు పక్క మడతను ఇది వదలకపోవచ్చు.

కండరాల నీరసం తుంటి, భుజాల దగ్గర మొదలవుతుంది. పీట మీద నుంచి లేవడానికి చేత్తో నేల నొక్కాలి. జడ వేసుకుంటుంటే చేతులు వాలిపోతాయి. నీళ్ల బిందె నడుముకి ఎత్తలేరు. నీరసం లేకుండా మచ్చలొక్కటే ఉండే రకం కూడా ఉంది, దాన్ని తేలిక అనుకోకూడదు. ఎండీఏ5 అనే యాంటీబాడీ ఉన్నవాళ్లలో కండరాలు బాగానే ఉండి ఊపిరితిత్తులు వారాల్లో దెబ్బతినవచ్చు. పెద్దవాళ్లలో కొందరికి ఈ జబ్బు వెనక క్యాన్సర్ దాగి ఉంటుంది, అందుకే డాక్టర్లు సంబంధం లేదనిపించే స్కానింగులు రాస్తారు. పిల్లల్లో ఆ భయం లేదు. వాళ్లకి చర్మం కింద సున్నం గడ్డలు కట్టడం ఎక్కువ.

బిగిసే చర్మం, బొల్లి కాని తెలుపు

స్క్లెరోడెర్మా వేళ్ల రంగుతో మొదలవుతుంది. డిసెంబరు పొద్దున చన్నీళ్లలో చెయ్యి పెట్టగానే వేళ్లు పాలిపోతాయి, తర్వాత నీలంగా, వేడి తగిలాక ఎర్రగా అవుతాయి. 1862లో దీన్ని వర్ణించిన ఫ్రెంచి డాక్టర్ రేనో పేరే దీనికి పెట్టారు. రేనో ఉన్నవాళ్లందరికీ స్క్లెరోడెర్మా ఉండదు. చాలామందికి అది ఒట్టి చలి గుణం. కానీ ముప్పై దాటాక కొత్తగా వచ్చి, వేళ్లు ఉబ్బి, కొసల్లో చిన్న చిన్న గుంట మచ్చలు పడుతుంటే కథ వేరు. ఆ తర్వాత చర్మం బిగుస్తుంది, వేలి మీద మడత చిటికెకి అందదు. నోరు చిన్నదవుతుంది, ముద్ద పెట్టుకోవడం కష్టమవుతుంది.

ఛాతీ మీద, చెవుల వెనక ఉప్పూ మిరియం కలిపి చల్లినట్టు తెల్లచుక్కలు వస్తాయి, వెంట్రుక మొలిచే రంధ్రం చుట్టూ మాత్రం రంగు మిగులుతుంది. దీన్ని బొల్లి అనుకుంటారు. సరిహద్దులో మాటలు ఇంకో చిక్కు తెస్తాయి. తెలుగులో శోభి వేరు, బొల్లి వేరు. ఒడియాలో ఛొఉ అంటే శోభి లాంటిది, దానికే ముందు 'ధొళా' చేర్చితే బొల్లి. మన ఆవిడ డాక్టరుతో ఒడియాలో 'ఛొఉ' అని ఊరుకుంటే ఆయన చెవికి శోభి చేరుతుంది.

రాతి ధూళికీ ఈ జబ్బుకీ ఉన్న సంబంధం 1914లో స్కాట్లాండ్ రాతి పనివాళ్లలో, 1957లో దక్షిణాఫ్రికా బంగారు గనుల కార్మికులలో కనిపించింది. కొండలు పిండిచేసే క్రషర్లు మన చుట్టూ ఉన్నాయి కాబట్టి, మగవాళ్లలో ఇది కనిపిస్తే ఏం పని చేసేవాడివని అడగడం వృథా ప్రశ్న కాదు.

ఇంకొక్క తేడా చెప్పి వదిలేస్తాను. డెర్మటోమయోసైటిస్‌లో, ముదిరిన లూపస్‌లో ఎక్కువ మోతాదు స్టెరాయిడ్ ప్రాణం నిలుపుతుంది. అదే స్టెరాయిడ్ స్క్లెరోడెర్మాలో ఎక్కువ మోతాదైతే కిడ్నీలను ఉన్నట్టుండి దెబ్బతీసే ప్రమాదాన్ని పెంచుతుంది. 'ఏ వాతమైనా ఒకే మాత్ర' అన్న లెక్క ఇక్కడ బోల్తా కొడుతుంది.

మిగతావి, క్లుప్తంగా

సొరియాసిస్ ఉన్న నూరుమందిలో ఇరవై ముప్పై మందికి ఏదో ఒకనాటికి కీళ్లు పడతాయి, ఎక్కువమందికి చర్మం ముందు, కీళ్లు ఏళ్ల తర్వాత. మచ్చ మోచేతి మీద లేకుండా తల్లో, చెవి వెనక, బొడ్డులో దాక్కుంటుంది. గోళ్లు సూదితో పొడిచినట్టు గుంటలు పడతాయి. వేలు మొత్తం అరటిపండులా ఉబ్బుతుంది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ ముదిరితే మోచేతి వెనక గట్టి గడ్డలు వస్తాయి, నొప్పి ఉండదు. రక్తనాళాల వాపులో కాళ్ల మీద ఎర్ర చుక్కలు, నొక్కినా రంగు పోవు, తడిమితే వేలికి తగులుతాయి. పిల్లల్లో వాటితోపాటు కడుపునొప్పి, కీళ్ల వాపు ఉంటే మూత్రం పరీక్ష అవసరం పడేది కిడ్నీ కోసం.

ఈ జిల్లాల ప్రత్యేక చిక్కు

పుస్తకాల్లో లూపస్ పక్కన ఉండే పోలికల జాబితా వేరు, గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్‌లలో నిజంగా ఎదురయ్యే పోలికలు వేరు.

మొదటిది కుష్ఠు, మన పెద్దవాళ్లు పేరు పలకకుండా పెద్దరోగం అనేది. ప్రజారోగ్య సమస్యగా దేశం దాన్ని 2005 చివరికి దాటిందని లెక్క, అంటే పదివేల మందికి ఒకరి కన్నా తక్కువ. కొత్త కేసులు మాత్రం ఒడిశాలో ఇప్పటికీ వస్తున్నాయి. కుష్ఠు మచ్చలో స్పర్శ పోతుంది, లూపస్ మచ్చలో పోదు. దూదితో తాకి చూస్తే తేలిపోతుందనుకుంటాం. అయితే ముఖానికి నరాలు దట్టంగా ఉండటంతో, ముఖం మీది కుష్ఠు మచ్చలో స్పర్శ చాలావరకు మిగిలే ఉండొచ్చు. ఇంకా ఉంది. కుష్ఠులో వచ్చే ఒక రియాక్షన్‌లో జ్వరం, నొప్పిగల గడ్డలు, కీళ్ల వాపు అన్నీ కలిసి వస్తాయి, అచ్చం లూపస్‌లా. ఏఎన్ఏ, కీళ్లవాతానికి చేసే ఆర్‌ఏ ఫ్యాక్టర్ పరీక్షలు కుష్ఠులో కూడా పాజిటివ్ రావచ్చు. స్టెరాయిడ్ ఇస్తే రెండూ తగ్గుతాయి, కాబట్టి 'మందుకి తగ్గింది కదా' అన్నది కూడా సాక్ష్యం కాదు. ఆ దశలో తేల్చేది చిన్న చర్మం ముక్క తీసి చేసే బయాప్సీ. బయాప్సీ అనగానే క్యాన్సర్ అనుకుని సగం మంది వెనక్కి తిరుగుతారు. మిగతా సగం, పెద్దరోగం అన్న మాట బయటికి వస్తే ఆడపిల్ల పెళ్లి ఆగిపోతుందని ఆగిపోతారు. ఆరు నుంచి పన్నెండు నెలల ఉచిత మందుతో నయమయ్యే జబ్బుకి, నయంకాని జబ్బు కన్నా ఎక్కువ భయపడుతున్నాం.

రెండోది చికున్‌గున్యా. జ్వరం పోయాక నెలల తరబడి కీళ్లు పట్టేస్తాయి. ముక్కు మీద, బుగ్గల మీద నల్లటి రంగు తేలుతుంది. ముఖం నలుపూ కీళ్ల నొప్పీ కలిశాయంటే లూపస్ అనిపించడం సహజం. ఆ జ్వరం ఎప్పుడు వచ్చింది, ఇంట్లో ఇంకెవరికి వచ్చింది అన్న రెండు ప్రశ్నలు ఖరీదైన పరీక్ష కన్నా ముందు నడుస్తాయి. మూడోది కొండ ప్రాంతాల్లో ఎక్కువగా ఉండే సికిల్ సెల్, ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంకర తిరిగే జబ్బు. చంటిపిల్లల చేతులూ కాళ్లూ వాచడం, పెద్దయ్యాక చీలమండ దగ్గర మానని పుండు దానివల్ల కూడా వస్తాయి.

ఏఎన్ఏ పాజిటివ్: ఒక లెక్క

కణం న్యూక్లియస్ మీదికి వెళ్లే యాంటీబాడీలు ఉన్నాయా అని చూసేది ఏఎన్ఏ. లూపస్ ఉన్నవాళ్లలో నూటికి 98 మందికి ఇది పాజిటివ్. గొప్ప పరీక్ష అనిపిస్తుంది. కానీ 1:80 అనే స్థాయిలో, అంటే రక్తాన్ని 80 రెట్లు పల్చన చేసి చూస్తే, ఏ జబ్బూ లేని ఆరోగ్యవంతుల్లో కూడా నూటికి 13 మందికి పాజిటివ్ వస్తుంది.

లక్షమంది ఉన్న ఊరు తీసుకుందాం. లెక్క కోసం అందులో 50 మందికి లూపస్ ఉందనుకుందాం. అందరికీ ఏఎన్ఏ చేస్తే ఆ 50 మందిలో 49 మందికి పాజిటివ్. మిగతా 99,950 మందిలో నూటికి 13 చొప్పున దాదాపు 13,000 మందికి పాజిటివ్. అంటే పాజిటివ్ కాగితం పట్టుకున్న సుమారు 266 మందిలో ఒక్కరికే లూపస్.

ఇప్పుడు అదే పరీక్ష వేరేచోట. ఎండకి మచ్చ, పొద్దున కీళ్ల బిగుతు, నోట్లో నొప్పిలేని పుండ్లు ఉన్న వందమందిని డాక్టర్ ఎంచుకున్నాడనుకోండి. వాళ్లలో 40 మందికి నిజంగా లూపస్ ఉంటే 39 మందికి పాజిటివ్. మిగతా 60 మందిలో 8 మందికి. పాజిటివ్ వచ్చిన 47 మందిలో 39 మంది నిజమైన రోగులే. పరీక్ష మారలేదు, కిట్ మారలేదు. ఎవరికి చేశామన్నది మారింది. హెల్త్ చెకప్ ప్యాకేజీలో ఏఎన్ఏ కలిపి అమ్మడం మీద నాకున్న అభ్యంతరం అదే.

మరి ఆ ఆవిడ సంగతి?

2019లో యూరప్, అమెరికా రుమటాలజీ సంఘాలు కలిసి లూపస్‌కి ఒక పాయింట్ల పట్టిక తెచ్చాయి. ముందు ఏఎన్ఏ 1:80 లేదా అంతకు మించి ఉండాలి, అది గుమ్మం. ఆ తర్వాత లక్షణాలకి పాయింట్లు, పది వస్తే లూపస్ కింద లెక్క. సీతాకోకచిలుక మచ్చకి 6. డిస్కాయిడ్‌కి 4. నోటి పుండుకి 2, జుట్టు రాలడానికి 2. కీళ్లకి 6.

మన ఆవిడకి నోటి పుండు, జుట్టు రాలడం కూడా ఉన్నాయనుకుంటే, బుగ్గల మచ్చ 6, నోటి పుండు 2, జుట్టు రాలడం 2, కలిపితే పదే కదా అనిపిస్తుంది. అలా కలపకూడదు. చర్మం, నోరు, జుట్టు ఒకే గూటివి, అందులో పెద్ద అంకె ఒక్కటే లెక్కకి వస్తుంది. అంటే ఆరే. పొద్దున అరగంటకు మించి వేళ్లు బిగుసుకోవడం, రెండు మూడు కీళ్లు నొక్కితే నొప్పి అన్నవి బయటపడితే ఇంకో 6. మొత్తం 12. కుచ్చిళ్లు పెట్టుకోలేకపోతున్నానన్న ఆ చెప్పని మాటకి ఆరు పాయింట్లు.

ఇంకో షరతు ఉంది. ఒక లక్షణానికి లూపస్ కన్నా సరైన వేరే కారణం దొరికితే దానికి పాయింటు ఇవ్వకూడదు. మంగుకి ఆరు వేసేస్తే పట్టిక అబద్ధం చెబుతుంది. స్క్లెరోడెర్మా పట్టికలో పద్ధతి వేరు: రెండు చేతుల వేళ్ల బిగుతు పిడికిలి కణుపులు దాటి పైకి పాకితే అదొక్కటే చాలు.

ఈ పట్టికలు పరిశోధనలో ఒకే రకం రోగులను చేర్చుకోవడానికి తయారైనవి. రోగనిర్ధారణకి అక్షరాలా వాడొద్దని చేసినవాళ్లే చెప్పారు. ఏడు పాయింట్లు వచ్చిన మనిషిని ఏం చేయాలి అన్న దగ్గర డాక్టర్లలో రెండు మాటలున్నాయి. కొందరు లూపస్‌కి వాడే హైడ్రాక్సీక్లోరోక్విన్ మాత్ర అప్పుడే మొదలుపెట్టాలంటారు. మందు తేలిక, జబ్బు పూర్తిగా బయటపడటం ఆలస్యమవుతుందని వాళ్ల నమ్మకం. ఇంకొందరు, ఇలాంటివాళ్లలో చాలామంది ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతారు, అందరికీ ఏళ్లకేళ్లు మాత్ర మింగించడమెందుకు, మూడు నాలుగు నెలలకోసారి మూత్రం, రక్తం చూస్తూ ఉందామంటారు. రెండో మాట నాకు సబబుగానే తోస్తుంది, కానీ మళ్లీ మళ్లీ చూపించుకోగలిగేవాళ్ల విషయంలోనే. భువనేశ్వర్ ఎయిమ్స్‌కో విశాఖ కేజీహెచ్‌కో ఒక రోజు కూలి పోగొట్టుకుని వెళ్లాల్సిన మనిషికి 'చూస్తూ ఉందాం' అన్నది తేలికైన సలహా కాదు.

ట్యూబు చెరిపేసే సాక్ష్యం

షాపులో ఇచ్చిన ట్యూబు ఎక్కువసార్లు స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటీబయాటిక్ కలిపిన మిశ్రమం. 2018లో కేంద్రం 14 రకాల పూత స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకూడని షెడ్యూల్ హెచ్ కిందికి తెచ్చింది. మా వీధిలో మాత్రం నేను చీటీ లేకుండానే ఒకటి కొని చూశాను, ఎవరూ ఏమీ అడగలేదు. మంటా ఎరుపూ నాలుగు రోజుల్లో తగ్గుతాయి. లూపస్ అయితే పైది చల్లబడుతుంది, లోపలిది దాని దారిన పోతుంది. తామర అయితే రూపం మారి పాకుతుంది. నెలలు పూస్తే ముఖం పల్చబడి, సన్నటి నరాలు తేలి, ఎండ తగిలితే మండుతుంది, అంటే ఇంకో కొత్త సీతాకోకచిలుక. అప్పుడు చూసే డాక్టరుకి మొదట ఏముండేదో తెలియదు. పూత మొదలుపెట్టక ముందు ఫోన్లో తీసిన ఒక్క ఫోటో ఆ రోజున బాగా పనికొస్తుంది.

నాకు మలేరియా లేదుగా?

హైడ్రాక్సీక్లోరోక్విన్ రాసినప్పుడు రాయగడ, కొరాపుట్ వైపు వినిపించే మొదటి ప్రశ్న ఇదే. అక్కడ మలేరియా మాత్ర తెలియని ఇల్లు లేదు. నిజమే, అది ఆ జాతి మందే. లూపస్‌కి క్వినైన్ పనికొస్తుందని 1894లోనే లండన్ డాక్టర్ పేన్ రాశాడు. 1951లో పేజ్ అనే డాక్టర్ ఇంకో మలేరియా మందుతో మచ్చలే కాక కీళ్లూ తగ్గాయని చూపించాడు. చర్మానికి ఇచ్చిన మందు కీళ్లకీ పనిచేయడం, రెండూ ఒకే కథ అనడానికి ఒక సాక్ష్యం కూడా. 2020లో కోవిడ్‌కి పనిచేస్తుందన్న ప్రచారంతో షాపుల్లో దొరక్కుండాపోయినప్పుడు, దాని మీదే రోజులు నడుపుతున్న లూపస్ రోగులు అవస్థపడ్డారు.

మోతాదు బరువును బట్టి, కిలోకి రోజుకి 5 మిల్లీగ్రాములు మించకుండా చూస్తారు. 40 కిలోల మనిషికి 200, అంటే రోజుకొక మాత్ర. 60 కిలోలకి 300, అందుకని ఒక రోజు ఒకటి, ఒక రోజు రెండు అని రాస్తారు. చీటీలో పొరపాటు పడ్డారని షాపువాళ్లు సర్దేది దీన్నే. మోతాదు మించి ఏళ్ల తరబడి వాడితే కంటి రెటీనా మీద ప్రభావం పడుతుంది, కంటి పరీక్ష అందుకే. ఈ మందుతో మచ్చ తగ్గడానికి నెలలు పడుతుంది.

కొందరికి ఈ మందు కొన్నాళ్లు వాడాక ముంగాలి మీద నీలి నలుపు మరక వస్తుంది. అది జబ్బు పాకడం కాదు, మందు వదిలిన రంగు. మన ఆవిడ మళ్లీ బరంపురం వచ్చి కాలు చూపిస్తే అత్తగారు దానికీ ఒక పేరు పెడతారు. ఈసారి ఆవిడ మాత్రం, అది కీళ్ల నొప్పికి ముందు వచ్చిందా తర్వాత వచ్చిందా, ఎన్ని మాత్రల తర్వాత వచ్చిందా అని లెక్కపెట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్తుంది.